పని మారాలా, మనిషి మారాలా?

సీతాఫల్‌మండి స్టేషనులో ఫలక్‌నుమా వైపు పోయే లోకల్ రైలు యెక్కితే ఆర్ట్స్ కాలేజి, జామియా ఉస్మానియా దాటగానే విద్యానగర్ వస్తుంది. కేంద్ర కార్మికశాఖ వారి వికలాంగుల వృత్తి పునరావాస కేంద్రం వున్నది అక్కడే. దేశంలో యిటువంటి కేంద్రాలను 1968లో మొదలుపెట్టినప్పుడు ఒకటి బొంబాయికి, ఒకటి హైదరాబాదుకు దక్కింది. తర్వాత యితర నగరాలకు విస్తరించింది. యిప్పుడు బోర్డుమీద పేరు మారి జాతీయ వృత్తిసేవా కేంద్రం అయింది. అర్ధశతాబ్ది దాటిన యీ కాలంలో దాని పక్కన మరెన్నో సంస్థలు, పథకాలు పుట్టుకొచ్చాయి. బోయినపల్లిలో 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో యేర్పడిన ఉపాధి కల్పనా మిషన్ గ్రామీణ వికలాంగ యువకులకూ శిక్షణ యిచ్చింది. 2015లో కేంద్రప్రభుత్వం వికలాంగుల నైపుణ్యాభివృద్ధికి ఒక జాతీయ కార్యాచరణ పథకం ప్రకటించి, 2022 నాటికి 25 లక్షలమందికి శిక్షణ యివ్వాలని లక్ష్యం పెట్టుకున్నది.

యింత జరిగాక ఒక ప్రశ్న న్యాయంగానే పుడుతుంది. యీ శిక్షణల వల్ల ఫలితం వున్నదా?

ప్రశ్న సరళంగానే వుంది. ఐతే యీ ప్రశ్నను మనం యెవరి విషయంలో అడుగుతున్నామో, యెవరి విషయంలో అడగడం లేదో కాస్త గమనించాలి. ఉస్మానియాలో బి.ఏ. చదివి ఉద్యోగం లేక తిరుగుతున్న యువకుణ్ణి చూసి, దేశంలో నిరుద్యోగం ప్రబలింది అంటాం. ప్రభుత్వ విధానాన్ని విమర్శిస్తాం, వూరేగింపు తీస్తాం. మైనపువత్తులు చేయడం నేర్చుకుని ఉద్యోగం లేక యింట్లో కూర్చున్న వికలాంగ యువకుణ్ణి చూసి మాత్రం, అతనికి శిక్షణ చాలలేదు అంటాం. మొదటివాడి విషయంలో లోపం సమాజానిది. రెండవవాడి విషయంలో లోపం అతనిదే. లేదా అతనికి నేర్పినవాడిది. ప్రగతిశీల భావాలు గల ఉపాధ్యాయులు కూడా యీ తేడాను తేడాగా గుర్తించకుండానే మాట్లాడటం నేను చాలాసార్లు విన్నాను. గనుక ఫలితం సంగతి చూసేముందు, శిక్షణ అనే భావన వెనక దాగివున్న నైతికమైన పూర్వపక్షాన్ని బయటికి లాగవలసి వున్నది.

దీనికి సీతాఫల్‌మండి కంటే మంచి చోటు దొరకదు. యిది రైల్వేవారి పేట. పక్కనే చిలకలగూడ, మెట్టుగూడ. కొంచెం అవతల లాలాగూడ వర్క్‌షాపు. నిజాం రైల్వే కాలంలో 1893లో మొదలైన ఆ వర్క్‌షాపు చుట్టూ, లోకో షెడ్ల చుట్టూ, స్టేషన్ల చుట్టూ యిక్కడి కార్మిక జీవితం పెరిగింది. యీ పేటలో "మెడికల్‌గా డీకేటగరైజ్ చేశారు" అన్నమాట యెవరికీ వివరించనక్కర్లేదు. రైలింజను నడిపేవాడి కంటిచూపుకు ఏ-1 అనే అత్యున్నత ప్రమాణం వుంది. పరీక్షలో చూపు తగ్గిందని తేలితే అతన్ని ఇంజనుమీంచి దించుతారు. కాని యింటికి పంపించరు. జీతం స్కేలు చెడకుండా వేరే కొలువులోకి మారుస్తారు. పట్టాలమీద కాలు పోగొట్టుకున్నవాడి విషయమూ అంతే.

యిది యెవరి దయవల్లా జరగటం లేదు. 1995 వికలాంగుల చట్టంలో 47వ సెక్షను దీన్ని శాసించింది. సర్వీసులో వుండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో మరో పని యివ్వాలి. అటువంటి పని ఖాళీగా లేకపోతే, దొరికేదాకా గాని రిటైరయ్యేదాకా గాని అదనపు పోస్టు ఒకటి సృష్టించి అందులో వుంచాలి. కాలు తీసివేయబడిన ఒక కానిస్టేబుల్ కేసులో 2003లో సుప్రీంకోర్టు యీ సెక్షనును గట్టిగా నిలబెట్టింది. 2016లో వచ్చిన కొత్త చట్టం 20వ సెక్షనులో యిదే సూత్రాన్ని ప్రభుత్వ సంస్థలకు కొనసాగించింది.

యిప్పుడు యిద్దరు మనుషుల్ని వూహించుకుందాం. యిద్దరిదీ వారాసిగూడలో ఒకే వీధి అనుకుందాం. యిద్దరికీ కుడికాలు లేదు. ఒకరు రైల్వేలో చేరిన పదేళ్లకు కాలు పోగొట్టుకున్నారు. రెండోవారికి రెండోయేట పోలియో వచ్చింది. మొదటివారి విషయంలో సంస్థ తనలో తాను వెతుక్కుంటుంది: యీ మనిషికి సరిపోయే పని మన దగ్గర యేముంది? లేకపోతే యెట్లా పుట్టించాలి? రెండోవారి విషయంలో అదే సంస్థ ఆయన్నే అడుగుతుంది: మా పనికి సరిపోయే మనిషివి నువ్వు కాగలవా? కాలేకపోతే విద్యానగర్ వెళ్లి శిక్షణ పొంది రా.

ఒకే శరీరం, ఒకే వీధి. ఒకచోట పని మారుతున్నది. మరోచోట మనిషి మారవలసి వస్తున్నది. యెందువల్ల?

దీనికి సాధారణంగా వినవచ్చే సమాధానం కృతజ్ఞత. మొదటివారు సంస్థకోసం పనిచేస్తూ అవయవం పోగొట్టుకున్నారు గనుక సంస్థ ఆయనకు రుణపడి వుందంటారు. వినడానికి బాగానే వుంది. కాని చట్టం చెప్పేది యిది కాదు. డ్యూటీలో వుండగా వచ్చిన వైకల్యమే కావాలని 47వ సెక్షను అడగలేదు. సెలవురోజున స్కూటరు మీంచి పడినా వర్తిస్తుంది. సర్వీసు మొదలైన మూడోనెలలో మానసిక వ్యాధి వచ్చినా వర్తిస్తుంది. గనుక రుణం సిద్ధాంతం యిక్కడ పనిచేయదు. మరొక సమాధానం అనుభవం: మొదటివారికి పదేళ్ల పనితనం వుంది, అది వృథా కాకూడదు. ఐతే ఇంజను నడిపిన పనితనం గుమస్తా పనిలో యెంత పనికొస్తుంది? పని మారినప్పుడు ఆయనా కొత్తగా నేర్చుకోవలసినవాడే. తేడా యెక్కడంటే, ఆయన జీతం తీసుకుంటూ నేర్చుకుంటారు.

అసలు కారణం యీ రెండూ కాదు. మొదటివారు లోపల వున్నారు. ఆయన వెనక సంఘం వుంది. ఆయన్ని బయటికి తోస్తే షెడ్డులో వున్న మిగతా వారందరూ, రేపు మా గతి యేమిటి అని అడుగుతారు. మనకు దగ్గర్లోనే యిందుకు మంచి దృష్టాంతం దొరుకుతుంది. రంగులు సరిగా పోల్చలేకపోవడం చట్టం జాబితాలో వైకల్యంగా లేదు. ఆ కారణంతో డ్రైవరు పనికి పనికిరాడని యింటికి పంపించిన తెలంగాణ ఆర్టీసీ ఉద్యోగి ఒకరి కేసులో 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ఆయనకు తగిన మరో పని యిచ్చితీరాలన్నది. కోర్టు చేతికి ఆధారంగా దొరికినవాటిలో ముఖ్యమైనది 1979లో యాజమాన్యానికీ కార్మిక సంఘాలకూ కుదిరిన ఒక ఒడంబడిక. రంగుల దృష్టి లోపించిన డ్రైవర్లకు ప్రత్యామ్నాయ కొలువు చూపాలని ఆనాటి సంఘాలు అందులో రాయించుకున్నాయి. చట్టసభకు తట్టని సంగతి డిపోలో పనిచేసేవాళ్లకు అంత ముందే తట్టింది. యెందుకంటే స్టీరింగు ముందు కూర్చున్న ప్రతివాడికీ, తన కన్ను యేదో ఒకరోజు మోసం చేయవచ్చునని తెలుసు.

యిక్కడ మనకు చిక్కే సత్యం ఒకటుంది. పనిని మనిషికి తగినట్లు మలచటం సాధ్యమే. అది ఆదర్శవాదుల కల కాదు. రైల్వేలలో, ఆర్టీసీలో మామూలుగా జరిగే పరిపాలనా వ్యవహారం. ఫైలు కదులుతుంది, ఆర్డరు వస్తుంది, ఆయన కొత్త కుర్చీలో కూర్చుంటారు. బయటివాడి దగ్గరకు వచ్చేసరికి మాత్రం, యిదే వ్యవహారం అసాధ్యంగా, ఖర్చుతో కూడినదిగా, సామర్థ్యానికి భంగకరంగా యెందుకు కనిపిస్తున్నదో ఆలోచించాలి.

వృత్తి పునరావాస కేంద్రాలు తమ కర్తవ్యాన్ని చెప్పుకునే భాషలో ఒక మాట వుంది: అవశిష్ట సామర్థ్యం. అంటే వైకల్యం పోగా మనిషిలో మిగిలిన శక్తి. దాన్ని కొలిచి, దానికి తగిన వృత్తి సూచిస్తారు. ఆ కొలిచేవారిలో యెందరో శ్రద్ధగా, ప్రేమగా పనిచేసినవారున్నారు; నా పేచీ వారితో కాదు. పేచీ ఆ మాటతోనే. నా చూపు సన్నబడింది; కళ్లద్దాలు తీసేస్తే బ్లాక్‌బోర్డు కనిపించదు. నా అవశిష్ట సామర్థ్యం యెంత అని యెవరూ నన్ను అడగలేదు. కళ్లద్దాల దుకాణం వున్నది గనుక నేను పూర్తి మనిషిని. మిగులు అనేది శరీరంలో వుండే పదార్థం కాదు. శరీరానికీ దాని చుట్టూ వున్న ఏర్పాట్లకూ మధ్య వుండే సంబంధం. యీ సంగతి 1970లలో ఇంగ్లండులోని వికలాంగ ఉద్యమకారులు స్పష్టంగా చెప్పారు. అవయవ లోపం వేరు, ఆ లోపం గలవారిని సమాజం అశక్తుల్ని చేయడం వేరు అన్నారు. మన దగ్గర మాత్రం సదరం క్యాంపులో 40 శాతం అని రాసిన కాగితం చేతికిస్తే, మనిషిలో 60 శాతమే మిగిలాడన్నట్లు చూసే అలవాటు పోలేదు.

భాషను అనుకున్నాం గనుక ఒక పక్కమాట. కుంటిసాకు, గుడ్డి నమ్మకం, చెవిటివాడి ముందు శంఖం: యివన్నీ మన విమర్శకులు పొద్దున లేస్తే వాడే మాటలు. అభ్యుదయ కవిత్వంలోనూ వీటికి కొదవలేదు. మరోవైపు ప్రభుత్వం వికలాంగులన్న మాట తీసేసి దివ్యాంగులన్నది. తిట్టులో నుంచి స్తోత్రంలోకి దూకాం. మనిషి అన్న మాట దగ్గర ఆగలేదు. పేరు మార్చడానికయ్యే ఖర్చు, స్టేషను మెట్ల పక్కన వాలుదారి కట్టడానికయ్యే ఖర్చు కంటే తక్కువ గదా!

యిక శిక్షణలో నేర్పుతూ వచ్చినదేమిటో చూద్దాం. దేహ్రాదూన్‌లో 1950లో వయోజన అంధుల శిక్షణ కేంద్రం వెలిసింది. కుర్చీలకు బేతు అల్లటం, నేత, సుద్దముక్కలు, కొవ్వొత్తులు, అట్టపెట్టెలు: దేశమంతటా యీ కేంద్రాల పాఠ్యప్రణాళిక దాదాపు యిదే. తర్వాత కుట్టుపని, పుస్తకాల బైండింగు, ఫినాయిలు, అగరువత్తులు చేరాయి. వీటిని యెంచుకున్నవారు శరీరం వైపు చూశారు. కన్ను లేకుండా చేతితో చేయగల పని యేది, కూర్చున్నచోట చేయగల పని యేది అని వెతికారు. బజారు వైపు చూడలేదు. ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది, బేతు కుర్చీ పోయింది. ప్రతి ఆఫీసులోనూ అంధులు అల్లిన కుర్చీలు కొనాలన్న ఆదేశాలున్నా కుర్చీలే మారిపోయాక ఆదేశం యేం చేస్తుంది? నేర్చుకున్నవాడి వేళ్లలో పనితనం అట్లాగే వున్నది. దాన్ని కొనేవాడు లేడు. యిది శిక్షణ వైఫల్యమనడం న్యాయమా? వేళ్లు ఓడిపోలేదు. వృత్తినెంచినవారి తర్కం ఓడిపోయింది.

2000 తర్వాత వచ్చిన పథకాలు యీ పాఠం నేర్చుకున్నాయి. యివి బజారు వైపే చూశాయి. మూడునెలల కోర్సు, కొంచెం ఇంగ్లీషు, కొంచెం కంప్యూటరు, తర్వాత కాల్ సెంటరులో గాని, బట్టల షోరూములో గాని, ఫలహారశాలలో గాని కొలువు. హైదరాబాదు యీ పద్ధతికి దేశంలో ఒక ముఖ్య ప్రయోగశాల అయింది. బధిర యువతీ యువకులు కాఫీ దుకాణాల్లో, పెద్ద అంగళ్లలో పనిచేస్తూ కనిపించడం యీ నగరంలో మామూలైంది. దీన్ని చిన్నచూపు చూడను. పదేళ్లు గడపదాటని పిల్ల నెలజీతం తెచ్చుకోవటం ఆ యింట్లో చిన్న విప్లవం. పాత కేంద్రాలు యిరవైయేళ్లలో చేయలేని పని కొన్ని సంస్థలు అయిదేళ్లలో చేశాయి.

ఐనా యీ పద్ధతి లెక్క చూసుకునే తీరు గమనించండి. శిక్షణ సంస్థకు డబ్బు విడతలుగా వస్తుంది. చివరి విడత కొలువు చూపించిన తర్వాత. గ్రామీణ యువత కోసం 2014లో మొదలైన కేంద్ర పథకంలో కొలువంటే కనీసం మూడు నెలలు నిలిచినది. ఆ నిర్వచనంలో నాలుగో నెల ప్రసక్తి లేదు. నాలుగో నెలలో సూపర్‌వైజరు మారవచ్చు. రాత్రి షిఫ్టు వేయవచ్చు. ఆఫీసు గచ్చిబౌలి నుంచి మరోచోటికి మారి, అక్కడికి చక్రాల కుర్చీ యెక్కే బస్సు లేకపోవచ్చు. అప్పుడు కొలువు పోతుంది. పథకం మాత్రం ఫలించినట్లే నమోదై వుంటుంది. పైగా కొలువు చూపిస్తేనే డబ్బు అన్నప్పుడు, సులువుగా కొలువు దొరికేవారినే యేరుకోవాలన్న ఆశ సంస్థకు కలగక తప్పదు. ఒక కాలికి పోలియో వచ్చి డిగ్రీ చదివినవాడు మొదట. బుద్ధిమాంద్యం గలవాడు, రెండు చేతులూ లేనివాడు, మానసికవ్యాధితో ఆసుపత్రి నుంచి వచ్చినవాడు చివర. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలోది. 1995 చట్టం గుర్తించిన వైకల్యాలు యేడు. 2016 చట్టం గుర్తించినవి 21. ఆ సులువైన అభ్యర్థి యిక తగ్గిపోతాడు. రేపు గుమ్మంలో నిలబడేవారు యెవరో యీ లెక్కల పద్ధతికి తెలియదు.

స్త్రీల మాట ఒక్క అంకెలో చెప్పవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని వికలాంగ పురుషుల్లో నూటికి 47 మంది పనిచేస్తున్నవారు; స్త్రీలలో 23 మంది. యీ 23లో చేరని అమ్మాయి తెల్లవారి లేచి యింటిల్లిపాదికీ వండిపెడుతూ వుండవచ్చు. దాన్ని పనిగా లెక్కించే ఫారం యింకా అచ్చు కాలేదు.

మరి యెట్లా నేర్పితే ఫలిస్తుంది? యిందుకు కొంత శాస్త్రీయమైన సమాధానం వున్నది. అమెరికాలో 1970లలో మార్క్ గోల్డ్ అనే విద్యావేత్త, తీవ్రమైన బుద్ధిమాంద్యం వల్ల యే పనీ చేతకాదని అందరూ వదిలేసినవారికి సైకిలు బ్రేకు విడిభాగాలను వరసగా బిగించడం నేర్పి చూపాడు. నేర్చుకోలేదంటే నేర్పేవాడు మరోదారి వెతకాలి గాని, నేర్చుకునేవాడిమీద తీర్పు చెప్పరాదన్నది ఆయన పట్టుదల. తర్వాతి తరం యింకొక అడుగు ముందుకు వేసింది. ముందు శిక్షణ, తర్వాత కొలువు అన్న వరసను తిరగవేసింది. ముందు నిజమైన జీతంతో నిజమైన కొలువు. అక్కడే, ఆ యంత్రం దగ్గరే, పక్కన ఒక సహాయకుణ్ణి నిలబెట్టి శిక్షణ. మానసికవ్యాధి గలవారి విషయంలో యీ రెండు పద్ధతులనూ పోల్చిన ప్రయోగాలను 2001లో ఒకచోట చేర్చి చూశారు. యేడాది నాటికి మామూలు కొలువుల్లో వున్నవారు, ముందు కొలువు పద్ధతిలో నూటికి 34 మంది. ముందు శిక్షణ పద్ధతిలో 12 మంది. తేడా దాదాపు మూడు రెట్లు. ఆ మెరుగైన పద్ధతిలోనూ నూటికి 66 మందికి కొలువు లేదన్నది మరచిపోరాదు. అవి అమెరికా ప్రయోగాలన్నది కూడా గుర్తుంచుకోవాలి. అక్కడి కొలువూ యిక్కడి కొలువూ ఒకటి కాదు.

ఐనప్పటికీ యీ అంకెల్లో తాత్వికమైన సారం వుంది. నైపుణ్యం మనిషి లోపల నింపి, మూతపెట్టి, బజారుకు పంపే సరుకు కాదు. అది మనిషికీ పనిముట్టుకూ పక్కవాడికీ మధ్య పుట్టేది. లాలాగూడలో కుర్ర ఫిట్టరు పెద్ద ఫిట్టరు పక్కన నిలబడి యెట్లా నేర్చుకున్నాడో బుద్ధిమాంద్యం గల యువకుడూ అట్లాగే నేర్చుకుంటాడు. కాలం కొంచెం యెక్కువ పడుతుంది. మన రైల్వే ఉద్యోగి కొత్త కుర్చీలో జీతం తీసుకుంటూ కొత్తపని నేర్చుకున్నాడని యిందాక అన్నాం. ప్రయోగాలు ఫలవంతమని తేల్చిన పద్ధతి అదే! లోపలివాడికి హక్కుగా యిచ్చినదాన్నే బయటివాడికి శాస్త్రం సిఫారసు చేస్తున్నది.

యిక్కడ వామపక్ష మిత్రులు లేవనెత్తే ఆక్షేపణ ఒకటి వున్నది. పెట్టుబడిదారీ కర్మాగారం లాభానికి నడిచేది గదా, అది తన పనిని మనిషికి తగినట్లు యెందుకు మలుచుకుంటుంది? వికలాంగులకు ప్రత్యేకంగా ప్రభుత్వ కర్మాగారాలు పెట్టడమే మేలు గదా అంటారు. ఆక్షేపణ బలమైనదే. చరిత్ర కూడా వుంది. రష్యాలో 1925లో యేర్పడిన అంధుల సంఘం సొంత ఉత్పత్తి కేంద్రాలను నడిపింది. అక్కడ అంధ కార్మికుడికి పనితో పాటు నివాసం, క్లబ్బు, గ్రంథాలయం దొరికాయి. 1991 తర్వాత మార్కెట్టు తాకిడికి వాటిలో చాలా కుంగిపోయాయి. బ్రిటనులో 1944 చట్టం కింద రెంప్లాయ్ అనే ప్రభుత్వ సంస్థ పుట్టింది. దాని మొదటి ఫ్యాక్టరీ 1946లో వేల్సులోని బ్రిజెండ్‌లో తెరిచారు. యుద్ధంలో గాయపడినవారు, గనుల్లో దెబ్బతిన్నవారు అందులో చేరారు. జీతం వుంది, యూనియను వుంది. తర్వాత కాలం మారింది. వికలాంగుల్ని వేరుగా వుంచడం తప్పు, వారిని సమాజంలో కలపాలి అన్న వాదం వచ్చింది. వాదం సరైనదే, వికలాంగ ఉద్యమకారుల్లోనూ చాలామంది అదే కోరారు. ప్రభుత్వం ఆ వాదాన్ని చేతబట్టుకుని ఫ్యాక్టరీలు మూసింది. 2012లో కార్మికులు సమ్మె చేశారు. 2013తో అవి ముగిసిపోయాయి. బయటపడిన అందరికీ బయట పని దొరకలేదు.

యీ కథలో యెవరి పక్షం తీసుకోవాలో తేల్చుకోవడం నాకు కష్టమైంది. వేరు కర్మాగారం అంటరానితనానికి దగ్గరగా వుంటుంది. మనుషుల్ని శరీరాన్నిబట్టి ఒకచోట పోగుచేయడం, వారి పనికి జాలి వెల కట్టడం అందులో వున్నాయి. అమెరికాలో 1938 నాటి కార్మిక చట్టంలో ఒక సెక్షను వికలాంగులకు కనీస వేతనం కంటే తక్కువ యివ్వడానికి అనుమతించింది. అక్కడి పలు రాష్ట్రాలు దాన్ని తమ పరిధిలో రద్దు చేయడానికి దశాబ్దాలు పట్టింది. ఐతే బ్రిజెండ్ కార్మికుడు తన ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి కాపాడుకోజూసింది వేరుగా వుండటాన్ని కాదు, జీతాన్నీ సంఘాన్నీ. పెద్ద తలుపు తెరవకముందే చిన్న తలుపు మూసేయడం సంస్కరణ కాదు, పొదుపు. యింతమట్టుకు నాకు సందేహం లేదు.

మన సొంత యింటిని కూడా కొంచెం వూడ్చుకోవాలి. పనిచేయనివాడికి తినే హక్కు లేదన్న సూత్రం మన సభల్లో యెన్నో యేళ్లు వినిపించింది. అది యెవరిమీద యెక్కుపెట్టిన బాణమో మనకు తెలుసు: యితరుల శ్రమమీద బతికే జమీందారు, షాహుకారు, కౌలు తినే ఆసామి. కాని బాణం గురి తప్పింది. పని దొరకనివాడికీ, చేయలేనివాడికీ తగిలింది. మార్క్సు స్వయంగా 1875లో గోథా ప్రణాళికను విమర్శిస్తూ యీ ప్రమాదాన్ని పసిగట్టాడు. శ్రమతో కొలిచి సమానంగా పంచడం పైకి న్యాయంగా కనిపించినా, మనుషుల శరీరశక్తి, బుద్ధిశక్తి సమానం కావు గనుక ఆ సమానత్వం అసమానత్వానికే హక్కు అవుతుందని వాదించాడు. యెవరి శక్తి యెంతైతే అంత యివ్వడం, యెవరి అవసరం యెంతైతే అంత పొందడం అన్న మెట్టు దాకా పోవాలన్నది అక్కడి వాదం. వికలాంగుల ప్రశ్నకు యింతకంటే దగ్గరి వాక్యం మరొకటి మార్క్సు రచనల్లో నాకు కనిపించలేదు. మన పాఠశాలల్లో దాన్ని వర్గాల గురించి చెప్పినంతగా శరీరాల గురించి చెప్పలేదు.

అమర్త్య సేన్ యిదే సంగతిని మరోవైపు నుంచి చూశారు. వికలాంగుడికి రెండు నష్టాలున్నాయంటారు. సంపాదన తగ్గటం ఒకటి. సంపాదించిన రూపాయి యితరులకిచ్చినంత బతుకును అతనికి యివ్వకపోవడం రెండోది. నీకూ నాకూ బస్సు ఛార్జీ సరిపోతుంది. అతనికి ఆటో కావాలి. గనుక పింఛనునూ కొలువునూ ఒకదానికొకటి పోటీ పెట్టడం తెలివితక్కువ. తెలంగాణలో 2014లో 1,500 రూపాయలుగా మొదలైన వికలాంగుల పింఛను 2023లో 4,016 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6,000 చేశారు. పింఛను పెంచితే పనిచేయరు అనేవారున్నారు. ప్రైవేటు కొలువు మూడునెలల్లో పోతుందని తెలిసినవాడు, దానికోసం వున్న పింఛను పోగొట్టుకోవడానికి జంకితే అది సోమరితనం యెట్లా అవుతుంది? అతని లెక్క సరైనదే. మన రాజ్యాంగం 41వ అధికరణ పని హక్కును, విద్యా హక్కును, అశక్తతలో ప్రభుత్వ సహాయం పొందే హక్కును ఒకే వాక్యంలో కూర్చింది. విడదీసింది తర్వాతి పాలకులే.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న యింకా వుంది. యెంత పనిని మలచినా, పక్కన యెందరు నిలబడినా, బజారు కొనే వస్తువేదీ చేయలేనివారు వుంటారు. బోయినపల్లి సంస్థ గుమ్మంలో పిల్లల్ని యెత్తుకుని నిలబడే తల్లులకు యీ సంగతి మనకంటే బాగా తెలుసు. వారికి శిక్షణ యెందుకు? చొక్కా గుండీ తనంతట తాను పెట్టుకోవడం నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టిందనుకోండి, అది ఫలితమేనా? ఉత్పత్తితోనే మనిషి విలువ కట్టేవాడు కాదనాలి. కాదని అంటే, ముసలితనంలో వున్న తన తండ్రి విషయంలోనూ కాదనాలి. రేపు తన విషయంలోనూ. శ్రమ మనిషిని మనిషిని చేసిందని మనం నమ్ముతాం. ఐతే ఆ శ్రమ అంగట్లో అమ్ముడుపోయేది మాత్రమే కానక్కర్లేదు. ఆ గుండీ పెట్టుకునే చేతిలో శ్రమ వుంది, నేర్చుకోవడం వుంది, ఒకరిమీద ఆధారపడటం కొంచెం తగ్గిన సంతోషం వుంది. శిక్షణ కేంద్రం నివేదికలో దానికి గడి లేదంటే, గడి కల్పించవలసింది నివేదిక.

ఇతర చోట్ల కదలిక లేకపోలేదు. ప్రభుత్వ కొలువుల్లో 1995 చట్టం 3 శాతం కేటాయించగా, 2016 చట్టం 4 శాతం చేసింది. ఆ లెక్కను గుర్తించిన పోస్టులమీదే కాక మొత్తం ఖాళీలమీద కట్టాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. బహిరంగ స్థలాలు వికలాంగులకు అనువుగా వుండటం ఐచ్ఛికం కాదు, విధిగా పాటించవలసిన నియమం కావాలని 2024 నవంబరులో అదే కోర్టు తీర్పు చెప్పినప్పుడు, ఆధారంగా నిలిచిన నివేదిక మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంలో తయారైనది. యీ రెండు తీర్పులూ మారవలసింది పని అనీ, స్థలమనీ అంటున్నాయి.

ఐతే వాటి కాళ్ల కింద నేల కదిలిపోతున్నది. సర్వీసులో వైకల్యం వచ్చినవాడిని కాపాడే 20వ సెక్షను ప్రభుత్వ సంస్థల ఉద్యోగికి వర్తిస్తుంది. లోపలి మనిషికి. యిప్పుడు లోపల వున్నవారెందరు? రైళ్లలో పెట్టెలు కడిగేవారు, స్టేషన్లు వూడ్చేవారు చాలాచోట్ల కాంట్రాక్టరు మనుషులు. ఆర్టీసీలో అద్దె బస్సు నడిపే డ్రైవరు ఆర్టీసీ ఉద్యోగి కాడు; 1979 ఒడంబడిక అతన్ని యెరగదు. భోజనం పొట్లాలు మోస్తూ చిలకలగూడ చౌరస్తాలో బండి జారి వెన్ను విరిగిన కుర్రవాణ్ణి ఉద్యోగి అని పిలవడానికే కంపెనీ వొప్పుకోదు. అతనికి పదిరకాల పనితనం వుంటుంది. యే వీధి యెటు పోతుందో తెలుసు, ఫోను మీద లెక్కలు చూసుకోవడం తెలుసు, కోపంతో వున్న మనిషితో మాట్లాడటం తెలుసు. ఆరునెలల తర్వాత కాగితం మీద 70 శాతం అని రాయించుకుని, అతను విద్యానగర్ కేంద్రంలో పేరు నమోదు చేయించుకుంటాడు. ఫారంలో అతని పేరుకు యెదురుగా, శిక్షణ అవసరం అని వుంటుంది.